సాయంకాల పాకప్రశస్తి

సాయంత్రం ఐదు దాటి, ఎండ మెత్తబడి, వాచ్‌మన్ నీళ్ళ మోటారు వేసే వేళకు మా అపార్ట్‌మెంటు కానుగ చెట్టు కింద సిమెంటు బల్లల మీద కొలువుదీరే పాకశాస్త్ర పరమేశ్వరులకు, తాలింపు గింజ చిటపటలాడకమునుపే ఘుమఘుమలు పుట్టించు వాగ్విశారదలకు, కత్తిపీట తాకకనే గంపెడు కూరగాయలను ఖండఖండములుగా తరిగి పోగులు పెట్టు వీరాంగనలకు, ఆదివారం ఒక్కపూట గరిటె పట్టి సోమవారం మొదలు శనివారం దాకా ఆ గరిటె మహిమకు వ్యాఖ్యానం చెప్పు నలభీమాంశ సంభూతులకు ముందుగా నా సాష్టాంగ దండప్రణామాలు. "ఇవాళ రాత్రికేం చేస్తున్నారండీ?" అనే మూరెడు ప్రశ్నకు బారెడు కావ్యం జవాబుగా చెప్పగల శక్తి మీకు తప్ప ఎవరికుంది? "ఏం కూర?" అని పలకరించుకోవడం మనకు తాతముత్తాతల నాటి నుంచీ ఉన్నదే. కాని పాపం, ఆ తరంవాళ్ళకు జవాబు చెప్పడం చేతకాలేదు. "ఏదో వంకాయ" అనేసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, పొయ్యి మీద కూర మాడుతుందంటూ లోపలికి పోయేవాళ్ళు. మాడటానికి పొయ్యి మీద నిజంగానే కూర ఉండేది కాబట్టి వాళ్ళకా తొందర. మీకా బంధనం లేదు. అందువల్లనే మీ వాక్కుకు అంత నిదానం, అంత నిండుదనం.

మూడో అంతస్తు వదినగారి గుత్తివంకాయనే తీసుకోండి. దాన్ని కూర అనడం అపచారం, అది ప్రబంధం. వేలెడు పొడవుకు మించని లేత నీలి వంకాయలను తొడిమ చెదరకుండా నాలుగు చీలికలు కోసి ఉప్పునీళ్ళలో వేయడంతో ప్రథమాశ్వాసం మొదలవుతుంది. వేరుశనగ గుళ్ళు ఒక వాయి, నువ్వులు ఒక వాయి, ధనియాలూ ఎండుకొబ్బరీ ఎండుమిరపకాయలూ మరొక వాయి, దేనికది దోరగా వేయించి, చింతపండు గుజ్జుతో మెత్తగా నూరి, ఆ ముద్దను పసిబిడ్డకు గోరుముద్దలు పెట్టినంత లాలనగా ఒక్కొక్క కాయలో కూరడం ద్వితీయాశ్వాసం. ఇక మూకుట్లో సన్నసెగ మీద మూతపెట్టి, అంచుల వెంబడి నూనె తేలేదాకా ఓర్పు వహించే తృతీయాశ్వాసానికి వచ్చేసరికి, ఎదుటి బల్ల మీది పెద్దాయన షుగరు మాత్ర వేసుకునే వేళ దాటించారు. వాచ్‌మన్ మోటారు కట్టడం మరిచాడు. పైన ట్యాంకు పొంగి, గోడ వెంట నీళ్ళు ధారగా దిగాయి. సంగీతానికి రాళ్ళు కరుగుతాయంటారు, మా వదినగారి వంకాయకు మంజీరా నీళ్ళే కరిగి కాళ్ళ దగ్గరికి వచ్చాయి.

ఆ శుభసమయానికి సదరు వంకాయలు ఇంకా రైతుబజారులోనే ఉన్నాయన్న విషయం ఆవిడ ప్రతిభకు గీటురాయి. ఎదురుగా ఉన్న వస్తువును వర్ణించడం ఎవరికైనా సాధ్యమే, లేని వస్తువును నూనె తేలేదాకా ఉడికించడం కవిబ్రహ్మలకే సాధ్యం. రైతుకూ కొనేవారికీ మధ్య దళారి ఉండకూడదని 1999లో ప్రభుత్వం రైతుబజార్లు తెరిచింది. వదినగారు ఆ సంస్కరణను మరో మెట్టు ఎక్కించి, కొనేవారిని సైతం తొలగించారు. ఇప్పుడు వంకాయ రైతు దగ్గరే భద్రంగా ఉంటుంది, కూర మాత్రం నేరుగా మా చెవులకు చేరుతుంది. ఇంతకన్న ఆదర్శవంతమైన సరఫరా వ్యవస్థను ఏ ఆర్థికవేత్తా ఊహించి ఉండడు.

అతిథి మర్యాదలోనూ ఆవిడకు ఆవిడే సాటి. రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో, హెల్మెట్టు తీయకుండానే లిఫ్టు ఎక్కి మూడో అంతస్తులో దిగే ఒక కుర్రవాడుంటాడు. మన పాతకాలపు ఇల్లాళ్ళు గుమ్మంలోకి వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పోనిచ్చేవారు కారు. వదినగారు అసలు వట్టి చేతులతో రానివ్వరు. ఆ కుర్రవాడు దిగిపోయాక కూడా లిఫ్టులో చాలాసేపు దమ్ బిర్యానీ పరిమళం నిలిచి ఉంటుంది. గుత్తివంకాయ నుంచి ఆ పరిమళం ఎలా పుట్టించారో అడిగే సాహసం మాకెవరికీ లేదు. మహానుభావుల పాకరహస్యాలు తరచి చూడరాదు.

వినయం సంగతి చెప్పకపోతే ఈ ప్రశస్తి అసంపూర్ణం. "అబ్బే, ఏముందండీ, ఇవాళ సింపుల్‌గా కానిచ్చేస్తున్నా" అని మొదలుపెడతారు. ఆ 'సింపుల్' వెనకాల మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, ములక్కాడ పులుసు, బీరపొట్టు పచ్చడి, పెరుగులోకి ఊరమిరపకాయలు, "పిల్లాడు అడుగుతున్నాడని" కాస్తంత సేమ్యా పాయసం, చిన్నా పెద్దా వరసలో నడిచి వస్తాయి. రథానికి ముందు భటుడు "ఏం లేదు, ఏం లేదు" అని అరుస్తూ దారి చేస్తున్నట్టుంటుంది ఆ ఊరేగింపు. అంత సంపదను అంత చిన్న మాటలో ఇమిడ్చిన సంక్షిప్తత సూత్రకారులకు సైతం కన్నుకుట్టించేది.

ఈ విషయంలో పూర్వులు ఎంత వెనకబడి ఉండేవారో చెబితే మీకు జాలి కలుగుతుంది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడనే ఒకాయన ఉండేవాడని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాశారు. దారినపోయే వైష్ణవులను అర్ధరాత్రయినా ఇంట్లోకి పిలిచి, ముసురు పట్టిన వానాకాలంలో సైతం వరి అన్నం, పప్పు, నాలుగైదు తాలింపు కూరలు, వరుగులు, వడియాలు, నెయ్యి, పెరుగు వడ్డించేవాడట. అంతా వడ్డించి, కూరలు ఎక్కువ లేవు, వేడిగానూ లేవు, దయచేసి భుజించండి అని క్షమాపణ చెప్పుకునేవాడట. ఎంత అయోమయం! ఆకు నిండా ఉన్నదాన్ని లేదనడం అతని తెలియనితనం. లేనిదాన్ని నిండుగా ఉందనడం మీ ఆత్మవిశ్వాసం. పైగా వేడిగా లేదన్న ఆ బెంగ ఒకటి! మీ ఇంట గిన్నెలో కూర పడగానే కొత్తిమీర చల్లి, వెలుతురు కోసం కిటికీ దగ్గరికి, నీడ పడకుండా మళ్ళీ బల్ల చివరికి, పక్కన ఇత్తడి గ్లాసు, వెనక అరిటాకు పెట్టి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసేవేళకు ఆ కూర హిమవంతుని కూతురై కూర్చున్నా, ఒక్కరి పెదవి మీదనైనా క్షమాపణ అనే నీచశబ్దం వినిపించిందా? లేదు. చల్లారిన అన్నం ముందు కూర్చున్న కుటుంబసభ్యుల నోటి నుంచి సైతం ఏ శబ్దమూ వినిపించదు. అది మీరు ఇంట్లోవాళ్ళకు నేర్పిన సంస్కారం.

ఓరుగల్లు పూటకూళ్ళ ఇళ్ళ సంగతి మరీ అన్యాయం. లక్ష్మణవజ్ఝలవారి ఇంట ఒక్క రూకకు కొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు పెట్టేవారని క్రీడాభిరామం చెబుతోంది. రూక పుచ్చుకున్న పాపానికి చెప్పినవన్నీ వడ్డించాల్సి వచ్చేది. బొత్తిగా వ్యాపార బుద్ధి. మీరు రూక అడగరు, రూపాయి అడగరు, వంటకాల పేర్లన్నీ ఉచితంగా వినిపిస్తారు. పుచ్చుకోవడం లేదు కనుక పెట్టడమూ లేదు. కర్మఫలం మీద ఆసక్తి లేకపోవడమంటే ఇదే అని భగవద్గీత ఉపన్యాసాలు చెప్పేవారు ఎవరూ ఇంకా మిమ్మల్ని ఉదాహరించకపోవడం వాళ్ళ లోపమే.

గోదావరి జిల్లా లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారని ఒకావిడ, 1841లో పుట్టి 1909లో పోయేదాకా, వేళకాని వేళ తలుపు తట్టినవాడికల్లా అన్నం వండి పెట్టడంతోనే కాలం గడిపేశారు. ఆ రాత్రికి ఏం వండబోతున్నారో ముందుగా నలుగురికీ చెప్పే తీరిక ఆవిడకు ఏనాడూ చిక్కినట్టు లేదు. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక సంబరానికి ఆవిడ ఫోటో కావాలని అధికారులు అడిగితే వద్దన్నారని కూడా చెప్పుకుంటారు. వండిన అన్నానికీ ఫోటో లేదు, వండిన మనిషికీ వద్దు! ప్రచారకళ పట్ల ఇంత ఉదాసీనత చూపినా, ఆ ఊరి దగ్గరి గోదావరి పాయ మీది అక్విడక్టుకు ఆవిడ పేరు పెట్టారు, 2024లో ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరే పెట్టారు. కేవలం అన్నం పెట్టినందుకే అంత పేరు వస్తే, మీ పేరు ఏ ఆనకట్టకు పెట్టాలో ఇప్పటినుంచే ఇంజనీర్లు యోచించుకోవడం మంచిది.

ఇక విద్యాదానం. వండే విధానం అడిగినవారికి కాదనరు, అది మీ ఔదార్యం. "కాస్తంత ధనియాలపొడి, తగినంత ఉప్పు, కంటికి ఆనినంత నూనె, ఓ రెండు పొంగులు రానిచ్చి దించెయ్యడమే!" అని సెలవిస్తారు. కొలతల పేరుతో శిష్యుల స్వేచ్ఛను హరించే దుర్గుణం మీకు లేదు. పైగా ప్రతి వంటకంలోనూ ఒక్క ముఖ్యమైన దినుసు చెప్పకుండా అట్టే ఉంచడం, శిష్యులు స్వయంకృషితో పైకి రావాలన్న మీ గురుహృదయానికి గుర్తు. మొదటి అంతస్తు కొత్త కోడలు ఒకమ్మాయి పనసపొట్టు కూర నేర్చుకున్నది ఇలాగే. పనసకాయ కొట్టించి తెచ్చింది, పొట్టు పసుపు వేసి ఉడికించింది, నీళ్ళు పిండింది, ఎండుమిర్చి, జీడిపప్పు, కరివేపాకు తాలింపులో చింతపండు గుజ్జు ఉడికించి కలిపింది, అత్తగారికి వడ్డించింది. అత్తగారు ఒక ముద్ద తిని, "ఆవ ఏదమ్మా?" అన్నారు. ఆవపిండి సంగతి ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. మర్నాడు సాయంత్రం బల్ల దగ్గర అడిగితే గురువుగారు చిరునవ్వు నవ్వి, "అయ్యో, పనసపొట్టుకి ఆవ పెడతారని తెలీదూ? అది చెప్పాలా?" అన్నారు. ఉపనిషత్తులు కూడా ఇంత క్లుప్తంగా శిష్యుణ్ణి జ్ఞానమార్గంలోకి తోయలేదు. ఆ అమ్మాయి ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగకుండా స్వతంత్రంగా వండుకుంటోంది. గురువు కోరేది అదే గదా.

ఆరోగ్యం పట్ల మీకున్న నిష్ఠ గురించి రెండు మాటలు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు, కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు అనే ఆ ఐదు పేర్లూ పంచభూతాల్లా కానుగ చెట్టు కింద సాక్షాత్కరించాయి. తెల్లన్నం అనే మాట పలికినవారు నోరు కడుక్కోవలసిన పరిస్థితి. నాలుగో అంతస్తు పిన్నిగారు ఆ దీక్షను ఈనాటికీ విడవలేదు. "రాత్రిపూట మేం ఊదల గంజేనండి, నూనె చుక్క తగలనివ్వను" అని ఆవిడ అంటుంటే చూపులకే కొలెస్టరాల్ తగ్గుతుంది. ఫ్లాట్ల వంటగదులన్నీ ఒకే గాలిగొట్టంలోకి తెరుచుకోవడం మా బిల్డరు చేసిన పొరపాటు. ఆ గొట్టంలోంచి రాత్రి ఎనిమిదికి ఎండురొయ్యలు, ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, గరంమసాలా కలిసి వేగుతున్న కమ్మదనం మేడ మొత్తం ఎక్కి దిగుతుంది. వాసనకు చదువు లేదు, చెప్పిన మాట వినదు. అయినా ఊదల గంజిని ఎండురొయ్యల పరిమళంతో కాచగలిగిన యోగసిద్ధి ఎవరికి మాత్రం సులభంగా అబ్బుతుంది?

కాలాన్ని, ఋతువులను శాసించిన ఘనత కూడా మీదే. సముద్రంలో ఇలస అనిపించుకునే చేప, వానల్లో ఎర్రనీళ్ళు వచ్చాక గోదావరికి ఎదురీది పులస అవుతుంది. దొరికేది వరద నెలల్లోనే. వేలకు వేలు పోసినా కొన్నాళ్ళు కంటపడదు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఆ కరువులోంచి పుట్టిందే. మా పక్క బ్లాకు బాబాయిగారు మాత్రం భోగి ముందు రోజు "మా రావులపాలెం బావమరిది పంపాడు, ఇవాళ రాత్రికి పులస పులుసే" అని సెలవిచ్చారు. పుష్యమాసంలో గోదావరికి వరద రప్పించడం భగీరథుడికి కూడా సాధ్యమయ్యేది కాదు. వాసన చూడటానికైనా రమ్మంటారేమోనని ఒకరిద్దరు ఆయన వెంట నడిచారు. ఆయన శాస్త్రం తెలిసినవారు. పులస పులుసు వండిన రోజు తినకూడదు, మట్టిదాకలో రాత్రంతా ఊరి మర్నాటికి రుచి వస్తుందని బోధించి పంపారు. మర్నాడు భోగి, మాట మీద మాట పడకుండా పండగ హడావిడి వచ్చింది. ఆ మర్నాటికి అది అయిపోయింది. వండిన రోజు తినకూడనిది, తినవలసిన రోజు మిగలనిది, రెంటికీ మధ్య మాత్రమే వెలిగేది! వేదాంతులు బ్రహ్మపదార్థానికి చెప్పిన లక్షణాలన్నీ ఆ పులుసుకు సరిపోయాయి.

మొదట్లోనే పేర్లెత్తాను కనుక నలభీముల ప్రస్తావన తప్పదు. నలుడు బాహుకుడన్న మారుపేరుతో ఋతుపర్ణుడి కొలువులో వంట చేశాడు. భీముడు వలలుడనే పేరుతో విరాటుడి వంటశాలలో చేరాడు. ఇద్దరూ తామెవరో బయటపడకూడదని గుట్టుగా వండినవాళ్ళే. పేరు దాచుకుని వంట పెట్టడం పాతకాలపు మొహమాటం. వంట దాచుకుని పేరు పెట్టడం నేటి పురుషోత్తముల ధీరత్వం. బాహుకుడు వండిన మాంసం తెప్పించి రుచి చూసి గాని, అతడు తన భర్తేనని దమయంతికి నమ్మకం కుదరలేదట. మా రెండో అంతస్తు అన్నయ్యగారి వంటకు అటువంటి శ్రమ అక్కర్లేదు. చూడనక్కర్లేదు, తిననక్కర్లేదు, శనివారం సాయంత్రం ఆయన నోట వింటే చాలు. తిని చూసినవారు కూడా, విన్నంతలో ఆగిపోయి ఉంటే బాగుండేదని ఒప్పుకున్నారు. "రేపు మటన్ నాదే! ఆవిడకి సెలవిచ్చేశా" అని ఆయన ప్రకటిస్తారు. ఆ సెలవురోజున ఆవిడ తెల్లారుజామునే లేచి మాంసం కడిగి, ఉల్లిపాయలు తరిగి, అల్లం వెల్లుల్లి నూరి, కుక్కరు తీసి, గరిటె చేతికి అందించి, "పసుపెక్కడుంది? ఉప్పెక్కడుంది? అగ్గిపెట్టేది?" అన్న ప్రశ్నలకు హాల్లోంచి సమాధానాలు చెబుతూ విశ్రాంతి తీసుకుంటారు. ఆయన గరిటె తిప్పుతారు. తిప్పడం పూర్తయ్యాక వంటగది, కీచకుడు పోయిన మర్నాటి నర్తనశాలలా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆవిడకు మళ్ళీ సెలవు, గిన్నెలు తోముకునే సెలవు. ఆ ఒక్క పూట మటన్‌ను ఆయన మరుసటి శనివారం దాకా రోజూ సాయంత్రం వేడిచేసి వడ్డిస్తారు. ఫ్రిజ్ లేకుండా వారం రోజులు చెడిపోని మటన్ మరెక్కడా లేదు.

వంటమనిషిని పెట్టుకున్నవారి పద్ధతి ఇంకా ఉదాత్తం. ఆరింటికి వచ్చి ఏడున్నరకు మరో ఇంటికి పరుగెత్తే ఆ మనిషి నిమిత్తమాత్రురాలు. చెరువు తవ్వించినవారి పేరు శాసనానికి ఎక్కుతుంది గాని పలుగు పట్టినవాడి పేరు ఎక్కుతుందా? అందుకే "నేనైతే పోపులో ఇంగువ చివర్న వేస్తానండీ" అన్నప్పుడు ఆ 'నేను'లో ఇద్దరు మనుషులూ, రెండు చేతులూ ఉంటాయి. చేతులు ఆవిడవి, 'నేను' వీరిది. అద్వైతమంటే ఇంతకన్న తేటగా చెప్పలేం. పప్పులో ఉప్పు ఎక్కువైన రోజున మాత్రం "ఏం చేస్తామండీ, మా వంటామె అలా తగలేసింది" అని ద్వైతంలోకి దిగివస్తారు. శంకరుల మతం, మధ్వుల మతం రెండూ ఒకే వంటింట్లో, ఒకే నోట ఇంత సఖ్యంగా నిలవడం మీ సమన్వయదృష్టికి తార్కాణం.

డల్లాసులోనూ న్యూజెర్సీలోనూ ఉన్న పిల్లలు అక్కడి పొద్దుటిపూట ఫోనులో ఇక్కడి రాత్రి వంట వింటారు, వాళ్ళ రాత్రి వంట మనకు పొద్దుటి కాఫీ వేళకు వినిపిస్తుంది. ఫ్రీజరులోని ములక్కాడ ముక్కలు ఆ దేశంలో ఏ పులుసులో పడ్డాయో మా కానుగ చెట్టుకు తెలుసు. ప్రకటించబడని వంటకం మిగలని భూగోళం సాధించారు.

మీ వాగ్ధాటి నలుగురికీ చేసే మేలు అన్నిటికన్న గొప్పది. అదే బల్ల చివర ఒక టీచరమ్మ కూర్చుంటారు. బడి నుంచి వచ్చి, నోటు పుస్తకాల సంచీ ఇంట్లో పడేసి, పదినిమిషాలు గాలి పోసుకుందామని దిగుతారు. మొన్న ఆవిడ వంతు వచ్చింది. "చారు పెట్టాను. అప్పడాలు వేయించుకుంటాం" అన్నారు. ఆ చిన్న వాక్యం వినగానే సభ ఎంత ఉదారంగా స్పందించిందో చూసి తీరాలి. ఒకరు "అవునులెండి, మీకు కుదరదు పాపం" అన్నారు. మరొకరు "పోనీ పిల్లలకైనా ఏదన్నా చేసి పెట్టకపోయారా" అన్నారు. ఇంకొకరు చారును కూడా ఘనంగా చేసుకునే తొమ్మిది విధాలు వరుసగా ఏకరువు పెట్టారు. ఇంతమంది ఇంత సానుభూతిని ఒక చారుగిన్నె మీద కుమ్మరించడం వేరే ఏ నాగరికతలోనూ జరగదు. మొన్నటిదాకా ఆ చారు, అప్పడంతో హాయిగా రెండుసార్లు అన్నం వడ్డించుకున్న టీచరమ్మగారి అబ్బాయి కూడా అక్కడే సైకిలు తొక్కుతూ ఇదంతా విన్నాడు. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని, "మనింట్లో ఎప్పుడూ ఇదేనా?" అని అడిగాడట. ఆ బిడ్డకు లోకజ్ఞానం కలిగించిన పుణ్యం మీదే. టీచరమ్మ ఇప్పుడు గాలి పోసుకోవడానికి డాబా మీదికి వెళుతున్నారు. బల్ల మీద ఒకరు కూర్చునే చోటు ఖాళీ అయింది గనుక, సభ్యులు మరింత విశాలంగా సర్దుకుని మాట్లాడుకునే సౌకర్యం ఏర్పడింది.

ఇన్ని మహోపకారాలకు ప్రత్యుపకారంగా, రానున్న ఉగాది సాయంత్రం అదే కానుగ చెట్టు కింద పౌరసన్మానం తలపెట్టాం. మూడో అంతస్తు వదినగారికి 'అపక్వపాక సరస్వతి', బాబాయిగారికి 'అకాల మత్స్యావతార', అన్నయ్యగారికి 'ఏకవార వలల', పిన్నిగారికి 'ఊదల యోగిని' అనే బిరుదులు, జరీ అంచు శాలువాలు, గరిటె ఆకారపు గండపెండేరాలు సమర్పిస్తాం. వంటమనుషులకు ఆ రోజు సెలవు, వేదిక మీద 'నేను' ఒక్కటే కూర్చోవాలి కదా. సన్మానానంతరం విందు ఉంటుందా అని కొందరు అమాయకులు ఆహ్వానపత్రిక చూసి అడుగుతున్నారు. తప్పకుండా ఉంటుంది. ఉగాది పచ్చడి మొదలు పూర్ణాలు, పులిహోర, గుత్తివంకాయ, పనసపొట్టు, పులస దాకా వంటకాలన్నిటినీ సన్మానితులే స్వయంగా మైకులో, ఒక్కొక్కటీ పోపుతో సహా, నూనె తేలేదాకా వడ్డిస్తారు. ఎవరికీ ఏ లోటూ రానివ్వరు. మారు వడ్డన కావలసినవారు చెయ్యెత్తితే మళ్ళీ మొదటినుంచి చెబుతారు. కార్యక్రమం తొమ్మిదిలోపు ముగుస్తుంది, ఎందుకంటే తొమ్మిదికి లిఫ్టు హెల్మెట్టు కుర్రవాళ్ళకు కావాలి.